లెక్క కుదిరింది సరే, ఇటుక ఒప్పుకుందా?

మా కన్సల్టింగ్ బతుకుల్లో కోడ్ రాసేది తక్కువ, ఫారాలు నింపేది ఎక్కువ. అలాంటి ఒక ఫారం గురించి చెప్పి ఈ నెల వ్యాసం మొదలుపెడతాను. ఒక ఎ4 కాగితం, దాని అడుగున మూడు గళ్ళు. మొదటి గడిలో "తయారు చేసినవారు", రెండో గడిలో "సరిచూసినవారు", మూడో గడిలో "ఆమోదించినవారు" అని ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఇంగ్లండులో ఒక ఇంజనీరింగ్ సంస్థలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నప్పుడు, ఆ రెండో గడిలో నా సంతకం రెండుసార్లు పెట్టాను. మూడోసారి పెట్టబోతూ ఆగిపోయాను. ఎందుకు ఆగానో, ఆగకముందు పెట్టిన ఆ రెండు సంతకాల సంగతి ఏమైందో చివర్లో చెబుతాను. దానికి ముందు ఇటుకల గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

గ్రాఫైట్ ఇటుకలు

బ్రిటన్‌లో ఎ.జి.ఆర్. అని ఒక రకం అణు రియాక్టర్లు ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ గ్యాస్ కూల్డ్ రియాక్టర్ అన్నమాట. ఏడు కేంద్రాల్లో మొత్తం 14 కట్టారు. ప్రపంచంలో ఇంకే దేశమూ ఈ రకం కట్టలేదు. వీటిలో నీటి బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువు వేడిని మోసుకుపోతుంది. న్యూట్రాన్ల వేగం తగ్గించే పని గ్రాఫైట్‌ది. ఆ గ్రాఫైట్ ఒకే ముద్దగా ఉండదు. ఒక్కో కోర్‌లో ఇంధనం కూర్చునే ఇటుకలే దాదాపు 3000 ఉంటాయి. ఒక్కొక్కటి మన నడుం ఎత్తున, మధ్యలో పెద్ద రంధ్రంతో, బావి ఒరలాగా ఉంటుంది. ఒర మీద ఒర పేర్చినట్టు వీటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పక్క ఇటుకలతో కదలకుండా ఉండటానికి అంచుల్లో గాళ్ళు కోసి, వాటిలో గ్రాఫైట్ చీలలు దిగ్గొడతారు. మన వడ్రంగులు తలుపు చట్రానికి కుసురు, గాడి పెట్టినట్టే. ఇటుక వేడికి కొంచెం పెరగాలి, కానీ పక్కకి పోకూడదు. ఆ రెండు పనులూ ఆ చీలలే చూసుకోవాలి.

ఇప్పుడు చిక్కేమిటంటే, న్యూట్రాన్ల దెబ్బకి గ్రాఫైట్ మొదట కుంచించుకుపోతుంది. కొన్నేళ్ళయ్యాక ఎదురు తిరిగి ఉబ్బడం మొదలుపెడుతుంది. ఇటుక లోపలి వైపు ఇంధనానికి దగ్గర కాబట్టి అక్కడ ఈ మార్పు ముందుగా వస్తుంది. లోపల ఉబ్బుతూ, బయట ఇంకా కుంచించుకుంటూ ఉంటే ఏమవుతుందో ఊహించండి. బిగుతు చొక్కా వేసుకుని విందు భోజనానికి కూర్చున్నవాడి పరిస్థితి. గుండీ తెగేది ఎక్కడ? గాడి మూలలో. ఆ పగుళ్ళు 2015లో స్కాట్లండులోని హంటర్‌స్టన్ బి కేంద్రంలో మొదటిసారి కనిపించాయి. పైగా రేడియేషన్ సమక్షంలో కార్బన్ డయాక్సైడ్ గ్రాఫైట్‌ని మెల్లగా తినేస్తుంది కాబట్టి ఇటుక బరువూ బలమూ ఏటేటా తగ్గుతాయి. పోనీ పాత ఇటుక తీసి కొత్తది పెడదామంటే కుదరదు. కోర్ ఒకసారి కట్టాక అంతే. రియాక్టర్ ఆయుష్షు అంటే దాని గ్రాఫైట్ ఆయుష్షే.

ఒక ఇటుక పగిలితే కొంపలేమీ మునగవు. ఇంధనం కడ్డీలు దాని మీద ఆనుకుని లేవు, వాయువు పోతూనే ఉంటుంది. భయమంతా వేరే. వందల ఇటుకలు పగిలి, చీలల పట్టు వదిలి, కోర్ ఆకారం కాస్త వంకర పోయి ఉన్న సమయంలో పెద్ద భూకంపం వస్తే? రియాక్టర్‌ని ఆపడానికి పైనుంచి కంట్రోల్ రాడ్లు జారి దిగాలి. అవి దిగే దారి వంకరైతే? పదివేల ఏళ్ళకొకసారి వచ్చేంత భూకంపాన్ని లెక్కలోకి తీసుకుని కూడా రాడ్లు దిగుతాయని చూపించాలి. అది అక్కడి నియమం.

చూపించడం ఎలా? పద్నాలుగు వందల టన్నుల గ్రాఫైట్‌ని, అదీ నలభై ఏళ్ళు రేడియేషన్ తిన్నదాన్ని, ఎవరూ ఊపి చూడలేరు. కాబట్టి కంప్యూటర్‌లో ఊపుతారు. వేల ఇటుకలు, వాటి మధ్య వేలాది చీలలు, ఒకదానికొకటి తగలడం, జారడం, మళ్ళీ తగలడం. అన్నీ లెక్కగట్టి "ఇన్ని ఇటుకలు పగిలినా రాడ్ దిగుతుంది" అని చెబుతారు. లైసెన్సు ఆ మాట మీద నిలబడుతుంది. మరి ఆ మాటని నమ్మేది ఎలా? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

రెండు ప్రశ్నలు, ఒకటి కాదు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం వెరిఫికేషన్, వ్యాలిడేషన్ అని రెండు మాటలూ ఒకే ఊపిరిలో అనేస్తాం. రెజ్యూమేల్లో అయితే మరీను. నిజానికి అవి వేరు. సమీకరణాలను సరిగ్గా సాధించామా అన్నది మొదటిది. సరైన సమీకరణాలనే సాధించామా అన్నది రెండోది. మొదటిది గణితం ప్రశ్న, రెండోది లోకం ప్రశ్న. మొదటిదానికి జవాబు కంప్యూటర్ దగ్గరే దొరుకుతుంది. రెండోదానికి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళాల్సిందే. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం 2006లో ఘన పదార్థాల గణనల కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని వేసి, ఈ రెండింటినీ కలగాపులగం చేయొద్దని చెప్పింది.

మొదటి ప్రశ్నని తేలిగ్గా తీసుకున్నవాళ్ళకి నార్వేలో మంచి పాఠమే దొరికింది. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ దగ్గర సముద్రపు పాయలో స్లైప్నర్ ఎ అనే చమురు ప్లాట్‌ఫారం కాంక్రీటు పునాదిని నీళ్ళలోకి దించుతూ పరీక్షిస్తున్నారు. ఒక గోడ చిట్లింది. నీళ్ళు తోడే పంపులు అందుకోలేకపోయాయి. మొత్తం కట్టడం మునిగి అడుగున తగిలినప్పుడు భూకంప యంత్రాల మీద 3 తీవ్రత నమోదయింది. ప్రాణనష్టం లేదు గానీ, నష్టం 70 కోట్ల డాలర్లన్నారు. విచారణలో తేలిందేమంటే, ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో ఆ గోడలు కలిసే మూల దగ్గర మెష్ ముతకగా ఉంది. దాంతో షియర్ ఒత్తిడి 47 శాతం తక్కువగా వచ్చింది. ప్రోగ్రాం పేరున్నది, సమీకరణాలు సరైనవి, కంప్యూటర్ చెడిపోలేదు. మెష్ ఇంకొంచెం సన్నంగా వేసి జవాబు మారుతుందేమో చూసినవాడు లేడు, అంతే. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా లెక్కేస్తే 62 మీటర్ల లోతులో గోడ పోవాలని వచ్చింది. నిజంగా పోయింది 65 మీటర్ల దగ్గర!

మెష్ సన్నం చేసి చూడటం కొత్త విద్యేమీ కాదు. 1910లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు ఒక రాతి ఆనకట్టలో ఒత్తిళ్ళను ఇలాగే గళ్ళు గీసి లెక్కగట్టాడు. అప్పట్లో కంప్యూటర్లంటే మనుషులే. కుర్రాళ్ళను పెట్టి కూడికలు, తీసివేతలు చేయించి, తప్పు వచ్చినవాటికి డబ్బులు ఇవ్వలేదట. మన బిల్లింగ్‌కి కూడా ఆ పద్ధతి వస్తే ఎందరం మిగులుతామో! ముతక గళ్ళతో ఒకసారి, సన్న గళ్ళతో ఒకసారి లెక్కవేసి, ఆ రెండు జవాబుల తేడా నుంచి అసలు జవాబు ఎక్కడుందో అంచనా కట్టే పద్ధతి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. గడి సగం చేస్తే తప్పు నాలుగో వంతుకి తగ్గాలని సిద్ధాంతం చెబితే, అలా తగ్గుతోందో లేదో చూడాలి. తగ్గకపోతే కోడ్‌లో ఎక్కడో పురుగుంది. ఇంతకంటే చౌకైన పరీక్ష నాకు తెలియదు. అయినా నేను చూసిన ప్రాజెక్టుల్లో సగంలో కూడా ఇది చేయలేదు.

డిఫ్ కొట్టి చూస్తే సరిపోదు

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ఒక మెలిక ఉంది. మనకి రిగ్రెషన్ టెస్టులంటే ప్రాణం. పాత జవాబు ఫైల్లో ఉంటుంది, కొత్త జవాబుతో డిఫ్ కొడతాం, తేడా లేకపోతే పచ్చ దీపం. కానీ ఆ పాత జవాబు ఎక్కడిది? అదే ప్రోగ్రాం నిరుడు ఇచ్చింది. అంటే మనం కనుక్కున్నదేమిటి? ప్రోగ్రాం మారలేదని. అది రైటని కాదు. నిరుడు తప్పు చేసినవాడు ఈ ఏడాది కూడా అదే తప్పు నిక్కచ్చిగా చేశాడని మనం సర్టిఫికెట్ ఇస్తున్నాం.

ఇటుకల లెక్కల్లో డిఫ్ ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. కంప్యూటర్‌లో మూడు దశాంశ సంఖ్యలను ఏ వరుసలో కూడినా ఒకే జవాబు రావాలని లేదు. ఆఖరి అంకెలో తేడా వస్తుంది. ఒకే లెక్కని ఇవాళ 16 ప్రాసెసర్ల మీద, రేపు 64 మీద వేస్తే కూడికల వరుస మారుతుంది. మామూలు లెక్కల్లో ఆ తేడా ఎవరికీ కనపడదు. కానీ వేల ఇటుకలు ఒకదాన్నొకటి గుద్దుకునే లెక్కలో ఒక ఇటుక వెంట్రుకవాసి ముందు తగిలితే ఆ తర్వాతి దెబ్బలన్నీ మారతాయి. క్యారమ్ బోర్డు మీద మొదటి స్ట్రైక్ గుర్తు తెచ్చుకోండి. కాబట్టి "ఫలానా ఇటుక ఫలానా క్షణంలో ఇక్కడుంది" అన్న జవాబుని అంకెకి అంకె పోల్చడంలో అర్థం లేదు. అడగాల్సింది వేరు. ఇరవైసార్లు కొద్దికొద్ది తేడాలతో వేస్తే అత్యధిక వంకర ఎంతలో ఎంత వరకు మారుతోంది? లోపలికి పెట్టిన శక్తి, దెబ్బల్లో రాపిడిలో ఖర్చయిన శక్తి, ఇంకా కదలికలో మిగిలిన శక్తి, ఈ పద్దు సరిపోతోందా? కిరాణా కొట్టు చిట్టాలో జమ, ఖర్చు, నిల్వ సరిపోవాలి కదా. సరిపోకపోతే ఇటుకలు ఎంత అందంగా ఊగినా ఆ సినిమా చూడనక్కర్లేదు.

లోకాన్ని అడగటం

ఇక రెండో ప్రశ్న. బ్రిటన్‌లో ఈ ఇటుకల వ్యవహారంలో నాకు బాగా నచ్చింది బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో చేసిన పని. అక్కడ భూకంపాలను అనుకరించే ఊగే బల్ల ఒకటి ఉంది. దాని మీద కోర్‌కి నాలుగో వంతు కొలతలతో, ప్లాస్టిక్ ఇటుకలతో, చీలలతో సహా ఒక నమూనా కట్టారు. కొన్ని ఇటుకలను కావాలనే పగిలినట్టు తయారు చేసి అక్కడక్కడా పెట్టారు. బల్లని ఊపి, ఇటుకలు ఎటు పోయాయో కొలిచి, కంప్యూటర్ చెప్పినదానితో పోల్చారు.

మీకు వెంటనే ఒక అనుమానం రావాలి. ప్లాస్టిక్ ఎక్కడ, గ్రాఫైట్ ఎక్కడ? నాలుగో వంతు ఎక్కడ, అసలుది ఎక్కడ? అనుమానం న్యాయమైనదే. పొడవులు నాలుగో వంతు చేసినా భూమ్యాకర్షణని నాలుగో వంతు చేయలేం కదా. దాన్ని లెక్కలోకి తీసుకుంటే నమూనాలో కాలం సగం అవుతుంది. అంటే భూకంపాన్ని రెట్టింపు వేగంతో ఆడించాలి. ఇటుక తనంతట తాను సాగకుండా, మొత్తంగా కదిలే చోట ప్లాస్టిక్ పనికొస్తుంది. ఇటుక ఎలా పగులుతుందో చెప్పడానికి మాత్రం పనికిరాదు. దానికి వేరే పరీక్షలు చేయాలి. రియాక్టర్ ఆపినప్పుడు ఇటుకల్లోంచి చిన్న చిన్న ముక్కలు కోసి తీసి బరువు, బలం చూస్తారు. కెమెరాలు దింపి పగుళ్ళు లెక్కపెడతారు. ఇంధనాన్ని పైకి లాగేటప్పుడు ఎంత బరువు పడుతోందో రికార్డు చేస్తారు. దారిలో ఇటుక వంకరగా ఉంటే రాపిడి మారి ఆ గీతలో చిన్న గూని కనిపిస్తుంది. మన సర్వర్ లాగ్‌లు చూసి జబ్బు కనిపెట్టినట్టే. ఏ ఒక్క పరీక్షా మొత్తం జవాబు చెప్పదు. ముక్క, ఇటుక, నమూనా, రియాక్టర్ అని మెట్లు మెట్లుగా కట్టుకుంటూ పోవాలి.

అయినా లోకం మోడల్ మాట వినాలని రూలేమీ లేదు. 2018 మార్చిలో హంటర్‌స్టన్ మూడో నంబరు రియాక్టర్‌ని ఆపి చూస్తే దాదాపు 370 పగుళ్ళుంటాయని అంచనా తేలింది. అప్పటికి అనుమతించిన హద్దు 350. మోడల్ చెప్పినదానికంటే కాస్త వేగంగా పగుళ్ళు వస్తున్నాయని నడిపే సంస్థే ప్రకటించింది. హద్దుని 700కి పెంచమని కొత్త లెక్కలతో దరఖాస్తు పెట్టారు. ఆ లెక్కలు పరిశీలించి, తిరిగి నడపడానికి నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చేసరికి 2020 ఆగస్టు అయింది. ఆ తర్వాత 2021 నవంబరులో దాన్ని, 2022 జనవరిలో దాని జంటని శాశ్వతంగా ఆపేశారు. 1976లో మొదలైన కేంద్రం, దాదాపు 46 ఏళ్ళు నడిచింది.

దీన్ని చూసి కొందరు "మోడల్ తప్పింది, హద్దు మార్చారు, ఇదేం న్యాయం" అన్నారు. ఇంకొందరు "ఇన్ని వెంట్రుక పగుళ్ళకి రెండేళ్ళు ఆపుతారా, ఆ కరెంటంతా గ్యాస్ కాల్చి తెచ్చుకోవాలా" అన్నారు. నా అభిప్రాయం రెండూ కాదు. మోడల్ ఒక మాట చెప్పింది, లోకం ఇంకో మాట చెప్పింది, ఆ తేడా బహిరంగంగా ఒప్పుకున్నారు, ఆపారు, మళ్ళీ లెక్కవేశారు, వేరేవాళ్ళు పరిశీలించారు. పద్ధతి పని చేయడమంటే ఇదే. తేడా రావడం సిగ్గు కాదు. తేడా వస్తుందో లేదో చూడకపోవడం సిగ్గు.

మోడల్‌లో లేనిది

ఈ గ్రాఫైట్ గొడవ మన దేశానికి లేదు. మనవి ఎక్కువగా భారజలంతో నడిచే రియాక్టర్లు. కానీ వాటికీ వంగే భాగాలున్నాయి. 220 మెగావాట్ల రియాక్టర్లో అడ్డంగా 306 గొట్టాలుంటాయి. వేడికీ, బరువుకీ, న్యూట్రాన్లకీ అవి ఏళ్ళ తరబడి మెల్లగా కుంగుతాయి. ఈ గొట్టాలు తయారయ్యేది మన హైదరాబాదు ఎన్.ఎఫ్.సి.లోనే. ఇ.సి.ఐ.ఎల్. బస్సెక్కినవాళ్ళందరికీ ఆ గేటు తెలుసు. లోపలి గొట్టం కుంగి చల్లగా ఉండే బయటి గొట్టానికి తగలకుండా మధ్యలో స్ప్రింగు కడియాలు తొడుగుతారు. కెనడాలో ఇదే కుటుంబానికి చెందిన పికరింగ్ రెండో రియాక్టర్లో 1983 ఆగస్టు 1న ఒక గొట్టం నిలువునా చీలింది. కారణం, కడియాలు ఉండాల్సిన చోట లేవు, పక్కకి జరిగిపోయాయి. లోపలి గొట్టం కుంగి బయటిదానికి తగిలింది. తగిలిన చోట చల్లబడి, హైడ్రోజన్ చేరి, లోహం పెళుసై పొక్కు కట్టింది. కడియం పెట్టిన చోటే ఉందన్న నమ్మకంతో వేసే లెక్క ఎంత నిఖార్సుగా ఉన్నా ఏం లాభం? కోడ్ బాగానే ఉంటుంది, ఇన్‌పుట్ ఫైల్ అబద్ధమాడుతుంది.

గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి రియాక్టర్లో 2016 మార్చి 11న గొట్టం లీకైంది. అక్కడ బయటపడింది కుంగుడు కాదు, గొట్టం బయటి ఒంటి మీద అక్కడక్కడా పట్టిన తుప్పు మచ్చలు. మనం దేనికోసం కళ్ళు చించుకుని చూస్తున్నామో అది కాకుండా వేరేది వచ్చి పలకరిస్తుంది. వ్యాలిడేషన్ అంటే మోడల్‌లో ఉన్నవాటిని పోల్చడం మాత్రమే కాదు, మోడల్‌లో లేనిదేమిటో వెతకడం కూడా.

వంకరకీ అణుశక్తికీ నేరుగా లంకె పడే రియాక్టర్లు కూడా ఉన్నాయి. అమెరికాలో ఐడహోలో 1955 నవంబరు 29న ఇ.బి.ఆర్.-1 అనే ఫాస్ట్ రియాక్టర్ మీద ఒక ప్రయోగం చేస్తుండగా కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది. వేడికి ఇంధనపు కడ్డీలు రవ్వంత లోపలికి వంగి ఒకదానికొకటి దగ్గరైతే శక్తి ఇంకా పెరుగుతుందని తర్వాత తేలింది. శక్తి పెరిగితే వేడి, వేడికి వంకర, వంకరకి మళ్ళీ శక్తి! 2024 మార్చిలో కల్పాక్కంలో కోర్ నింపడం మొదలుపెట్టిన మన 500 మెగావాట్ల రియాక్టర్ ఆ ఫాస్ట్ జాతిదే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికన్ రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా ఉంది. రేపు మన ఊళ్ళ పక్కన ఏది వచ్చినా, మీరు అనుకూలమైనా వ్యతిరేకమైనా, అడగాల్సిన ప్రశ్న ఒకటే. లెక్కని ఎవరు, దేంతో సరిచూశారు?

నా రెండో గడి

ఇప్పుడు నా కథ. ఆ సంస్థలో వంతెనలు, భవనాలు, యంత్రాలు, కోర్లు అన్నిటికీ లెక్కలు వేసేవారు. నాకు ఇచ్చిన పని చిన్నదే. సిమ్యులేషన్ ఉమ్మేసే గంపెడు ఫైళ్ళలోంచి కదలికలు ఏరి, పట్టికలు, బొమ్మలు గీసే స్క్రిప్టులు రాయడం. నాలుగొందల పైచిలుకు టెస్టులుండేవి. అన్నీ పచ్చగా ఉండేవి. రెండు రిపోర్టుల మీద సంతకం పెట్టేశాను. చూసింది ఏమిటని అడిగితే, పచ్చ దీపాలు.

మూడో రిపోర్టు వారంలో ఒక ఆదివారం నాన్నతో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఆయన సాగర్ ఎడమ కాలువ మీద సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. పని ఎలా ఉందంటే, సరిచూసే పని నాదేనని కాస్త గొప్పగా చెప్పాను.

"అంటే ఏం చేస్తావురా?" అన్నారు.

"పాత జవాబుతో పోలుస్తాం నాన్నా, మారలేదంటే సరే అన్నట్టు."

"ఆ పాత జవాబు ఎవరు చూశారు?"

నేను నసిగాను. ఆయన నవ్వి, "మేం లెవెల్ చూసుకుంటూ పది మైళ్ళు పోయినా, తిరిగి మొదలుపెట్టిన బెంచ్‌మార్క్ దగ్గరికే వచ్చి దిగేవాళ్ళం. రాయి మీద అంకె చెక్కి ఉంటుంది. మన పుస్తకంలో అంకె దానితో కలవకపోతే ఆ రోజు పనంతా మళ్ళీ చేయాల్సిందే. నీకు ఆ రాయి ఏదిరా?" అన్నారు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి ఒక రాయి తయారు చేసుకున్నాను. ఇటుకలన్నీ సరిగ్గా 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగినట్టు ఒక దొంగ ఫలితం ఫైలు రాసి, కొన్నిచోట్ల లెక్క మధ్యలో ఆగిపోయినట్టు ఖాళీలు వదిలి, నా స్క్రిప్టుకి పెట్టాను. అన్నిచోట్లా 5 రావాలి, ఖాళీల దగ్గర "లేదు" అని రావాలి. పధ్నాలుగు చోట్ల సున్నా వచ్చింది. సమాచారం లేని చోట స్క్రిప్టు గుట్టుచప్పుడు కాకుండా సున్నా పెట్టేస్తోంది. సున్నా అంటే ఇటుక కదల్లేదని అర్థం. అంటే మాకు తెలియని చోటల్లా "భేషుగ్గా ఉంది" అని రాస్తున్నామన్నమాట. పాత జవాబుల్లోనూ అవే సున్నాలు. అందుకే దీపాలు పచ్చగా ఉన్నాయి.

మేనేజరుకి చెప్పాను. రిపోర్టు శుక్రవారం వెళ్ళాలి. "ఈ రిపోర్టులో ఖాళీలు ఉన్నాయా?" అన్నాడు. తెలియదన్నాను. "తెలియకపోతే సంతకం పెట్టు, తర్వాత చూద్దాం" అని అతను అనలేదు గానీ, ముఖం ఆ మాటే అంది. నాకేమో వీసా స్పాన్సర్‌షిప్ మీద బతుకు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. పాపకి అప్పుడే స్కూల్లో సీటొచ్చింది. ఇవన్నీ ఆలోచించలేదంటే అబద్ధమే అవుతుంది. ఆ రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే వెళ్ళి మూడోదానిపై సంతకం పెట్టనని, మొదటి రెండింటి మీద పెట్టినవి వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ రాశాను. వెనక్కి తీసుకునే ఫారం కూడా ఒకటుందని అప్పుడే తెలిసింది. అది నింపినవాళ్ళు అప్పటికి ఆ ఆఫీసులో ఎవరూ లేరట.

మళ్ళీ లెక్క వేయడానికి రెండు వారాలు పట్టింది. అంకెలు మారాయి. అదృష్టం, హద్దులు దాటలేదు. మేము కనిపెట్టబట్టి క్లయింటుకి తప్పు అంకె మిగలలేదు. నా కాంట్రాక్టు ఆర్నెల్లకి బదులు మూడు నెలలే పొడిగించారు. దీనివల్లేనని నేననలేను, కాదని కూడా అనలేను. టీమ్‌లో పెద్దాయన ఒకాయన, ముప్పై ఏళ్ళుగా ఈ లెక్కల్లోనే తల నెరిసినవాడు, టీ తాగుతూ "మంచి పని చేశావు, మొదటి రోజే ఎందుకు చేయలేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మనం ఏం చేయాలి

ఇది చదువుతున్నవారిలో అణు రియాక్టర్లతో పనున్నవారు పదిమంది ఉంటారేమో. కానీ విమానాలు, కార్లు, మందులు, బ్యాంకు రిస్కు, ఏదో ఒక సిమ్యులేషన్‌కి స్క్రిప్టులు రాసేవాళ్ళు, టెస్టింగ్ చేసేవాళ్ళు వందల్లో ఉంటారు. మనవాళ్ళకి మంచి పేరే ఉంది, చెప్పిన టైముకి చేస్తారని. దాంతోపాటు ఇంకో పేరు కూడా ఉంది, "కాదు" అనరని. ఆ రెండో పేరు ఈ రంగంలో ప్రమాదం. రెండో గడిలో సంతకం పెట్టేవాడు కాదనలేనివాడైతే ఆ గడి ఉన్నా లేకున్నా ఒకటే.

నేను అడిగేవి నాలుగే. మీ టెస్టుల్లో కనీసం కొన్నిటికి జవాబు కాగితం మీద పెన్నుతో తెలిసి ఉండాలి, ప్రోగ్రాం ఇచ్చింది కాదు. మెష్ గానీ, కాలపు అడుగు గానీ సగం చేసి ఒక్కసారైనా చూడాలి. ప్రయోగంతో పోల్చేటప్పుడు సిమ్యులేషన్ జవాబు ముందే కవర్లో పెట్టి అంటించాలి. ప్రయోగం ఫలితం చూశాక గుబ్బలు తిప్పి కలిపేసుకోవడం కాపీ కొట్టి పాసవడమే. ఇక నాలుగోది, సరిచూసేవాడి జీతం, వీసా, రేటింగు తయారు చేసినవాడి చేతిలో ఉండకూడదు. మొదటి మూడూ మన చేతిలో పనులు. నాలుగోదానికి మేనేజర్లుగా ఎదిగినవాళ్ళు పూనుకోవాలి. అప్పటికే మనలో చాలామంది ఆ కుర్చీల్లో ఉన్నారు కదా.

"ఇవన్నీ చేస్తూ కూర్చుంటే ప్రాజెక్టు ఎప్పటికి అవుతుంది?" అంటారు. నిజమే, ప్రతిదానికీ అక్కర్లేదు. కాఫీ మెషిన్ లెక్కకీ కోర్ లెక్కకీ ఒకే తూకం పెట్టమనడం లేదు. తప్పితే ఏమవుతుందో దాన్నిబట్టి ఎంత సరిచూడాలో నిర్ణయించుకోవాలి. నా 5 మిల్లీమీటర్ల రాయికి పట్టింది ఒక పూట. అది లేనందుకు పట్టింది రెండు వారాలు.

ఈ మధ్య ఇంకో కొత్త ముచ్చట వచ్చింది. గంటల తరబడి నడిచే సిమ్యులేషన్‌ని వేలసార్లు వేసి, ఆ జవాబులతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి తర్ఫీదిస్తే, అది రెప్పపాటులో జవాబు చెబుతుంది. పనికొచ్చే సాధనమే, కాదనను. కానీ అది నేర్చుకున్నది సిమ్యులేషన్‌ని చూసి, ఇటుకని చూసి కాదు. గురువు తప్పు చెబితే శిష్యుడు అదే తప్పు ఇంకా గడగడా అప్పజెబుతాడు. వేగం పెరిగినకొద్దీ రాయి అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు.

టార్నెస్, హేషమ్ 2 కేంద్రాలను 2030 మార్చి దాకా నడుపుతామని 2024 డిసెంబరులో ప్రకటించారు. వాటిలో ఇటుకలూ కాలక్రమంలో పగులుతాయి. ఎవరో ఒకరు ఆ లెక్కల కింద రెండో గడిలో సంతకం పెడతారు. ఆ ఎవరో మనవాడే కావచ్చు, బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో రాత్రి షిఫ్టులో పని చేస్తున్న కుర్రాడు కావచ్చు. పెన్ను మూత తీసేముందు అతను ఒక్క క్షణం ఆగి, "నా రాయి ఏది?" అని అడుగుకుంటే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.